నాలుగో బేరం

ఆదివారం ఉదయం. అపార్ట్‌మెంటు కింద సెల్లారులో, స్తంభం పక్కన ఒక పెద్ద నల్ల జర్మన్ కారు. ఇంజను తిరుగుతోంది గాని కారు కదలడం లేదు. ముందు సీట్లలో భార్యాభర్తలు. కొనేవాడు ఇంకా రాలేదు.

"లేస్తోందా?"

"మీరే చూడండి. నాకైతే ఇంకా నేల మీద చతికిలబడ్డట్టే ఉంది."

"వెనక లేచింది. ముందు కుడివైపే బద్ధకిస్తోంది."

"రాత్రంతా పడుకుని కూడా బద్ధకమే. మన ఇంటి నీళ్లు పడ్డట్టున్నాయి దీనికి."

"పడుకోవడం కాదు. ఎయిర్ సస్పెన్షన్. చక్రాల దగ్గర స్ప్రింగులకి బదులు గాలి సంచులుంటాయి. రాత్రి ఆపి వదిలేస్తే అవి మెల్లిగా గాలి దిగిపోయి..."

"తెలుసు లెండి. మీ ఫోన్లో మన పెళ్లి ఫోటోల కన్నా ఆ సంచుల ఫోటోలే ఎక్కువ."

"అతను వచ్చేలోపు లేవాలి. లేచి నిలబడ్డ కారునే చూడాలి."

"ఇంజను వేడిగా ఉంటే అనుమానం రాదూ?"

"బ్యాటరీ కోసం రోజూ కాసేపు తిప్పుతానంటాను."

"మూడో అతనికీ అదే చెప్పారు."

"మూడో అతని సంగతి ఎత్తకు."

"ఎత్తను. ఇంతకీ డాష్‌బోర్డు మీద ఆ పసుప్పచ్చ దీపం ఏదండీ? అది లేకపోతే బోసిగా ఉంది."

"నిన్న మెకానిక్ చెరిపేశాడు."

"బాగుచేశాడా?"

"చెరిపేశాడన్నాను. కంప్యూటరు తగిలించి. కొంత దూరం తిరిగేదాకా మళ్లీ వెలగదట. అందుకే టెస్ట్ డ్రైవ్ మన వీధి మలుపు దాకానే."

"అంటే జ్వరం తగ్గలేదు, థర్మామీటరు దాచేశారు."

"ఇదిగో, సరిగ్గా ఇలాంటి మాటలే అతని ముందు వద్దన్నది. చేతులెత్తి దణ్ణం పెడతాను."

"నేనేం మాట్లాడానండీ ఇప్పుడు?"

"ఇప్పుడు కాదు. మొదటివాడు అడ్వాన్సు చేతికివ్వబోయాడు. కాయితాలు తేవడానికి గదిలోకెళ్లి వచ్చేసరికి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. రెండో ఆయన కారు చూసి మురిసిపోయాడు. నేను ఫోన్ మాట్లాడడానికి బాల్కనీలోకి వెళ్లొచ్చేసరికి చెప్పులేసుకుంటున్నాడు. మూడో అతనైతే, నేను వాచ్‌మన్‌తో నీళ్ల మోటారు గురించి రెండు ముక్కలు మాట్లాడి వచ్చేలోపు, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీద పరుగు. ఏం చెప్పావు వాళ్లకి?"

"అడిగినదానికి జవాబు చెప్పాను. ఇంటికొచ్చిన మనిషి 'బండి ఎలా ఉంది మేడం' అంటే గోడవైపు తిరిగి నిలబడనా?"

"బాగుందనాలి."

"అన్నాను. బాగుంది, కాకపోతే బ్యాటరీ మారిస్తే కొత్త బ్యాటరీని కంప్యూటర్లో కారుకి పరిచయం చెయ్యాలి, చెయ్యకపోతే పోల్చుకోదు, అన్నాను. అబద్ధమా?"

"అబద్ధం కాదు, అవసరం కాదు! వచ్చే వారం కొత్త చిన్న కారు వస్తోంది. మనకున్నది ఒక్క పార్కింగ్. ఇవాళ ఇది పోకపోతే దాన్ని ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా?"

"అది ఆగిపోదా?"

"ఏది?"

"కొత్తది."

"కొత్త కారు ఎందుకాగుతుంది?"

"అస్సలు?"

"అస్సలు. అదేంటి, అదో లోపం అన్నట్టు అడుగుతావు?"

"ఏం లేదు, ఊరికే అడిగా. అన్నట్టు, అతన్ని పైకి తీసుకురాకండి. పెయింటర్లు దిగారు, హాల్లో కూర్చోడానికి చోటు లేదు. బీరువాకి తాళం వేసి, తాళాలు పర్సులో వేసుకొచ్చాను. మీకేమన్నా కావాలంటే ఇప్పుడే చెప్పండి, వెళ్లి తీసిస్తాను."

"ఏం అక్కర్లేదు. అన్నీ జేబులోనే ఉన్నాయి. ష్... విను. గాలి కొట్టే కంప్రెసర్. ముందు కుడివైపు లేస్తోంది."

"ముసలాయన గొంతు సవరించుకుంటున్నట్టుంది."

"టోల్‌గేటు దగ్గర ఆగిపోయినప్పుడూ ఇదే చప్పుడు."

"మర్చిపోతానా? మా చెల్లి పెళ్లికి బయల్దేరి, పెళ్లి బదులు టో ట్రక్కు చూసొచ్చాం. వెనక లారీల హారన్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి."

"ఆ రోజే కదూ నీకు చెప్పింది? నా కింద పనిచేసిన కుర్రాడు నా మీద ఆఫీసరుగా వచ్చాడని."

"వచ్చిన చాన్నాళ్లకి చెప్పారు."

"ఇంట్లో చెప్పడానికి ఎక్కడ కుదురుతుంది?"

"ఎక్కడ కుదురుతుంది పాపం. టీవీ, ఫోను, ఊ, ఊహూ, ఉప్పు తక్కువ."

"ఘాట్ రోడ్డు మీద గేరు బిగుసుకుపోయినప్పుడు..."

"మీ అమ్మ పోయిన రోజు ఏడుపు రాలేదని చెప్పారు. ఆ ఘాట్ మీద ఏడ్చారు. బయట వాన, లోపల సన్‌రూఫ్‌లోంచి ఇంకో వాన."

"కార్లో గొడుగేసుకుని కూర్చున్నాం."

"గొడుగు పట్టుకున్నది నేను. భుజం పడిపోయింది."

"చెయ్యి నొప్పిగా ఉందని చెప్పలేదే?"

"మీరు మాట్లాడుతున్నారు కదా అని."

"ఏ భుజం? ఇదేనా?"

"ఏంటలా చూస్తారు? రోడ్డు అటుంది. అంటే, గోడ అటుంది."

"నీకో విషయం చెప్పాలి. చాలా రోజుల్నించి అనుకుంటున్నాను. మొన్న ఆలస్యంగా వచ్చానే, ఆఫీసులో పనని చెప్పి. ఆ సాయంత్రం నేను ఆఫీసులో లేను."

"మరి?"

"నేను..."

"సార్! నమస్తే సార్! నల్ల కారు మీదేనా? ఫోన్లో మాట్లాడాను, పళ్ల డాక్టర్ని."

"ఆ, రండి రండి డాక్టరు గారూ! ఏమోయ్, దిగు. దిగి కాస్త నవ్వుతూ నిలబడు."

"నవ్వితే పళ్లు చూసి ఫీజడుగుతాడేమో."

"ఏమోయ్!"

"దిగుతున్నానండీ."

"అబ్బ! ఫోటోల్లో కన్నా ఎదురుగా ఎంత బాగుంది సార్! ఈ తలుపు చూడండి, ఇలా ఆనిస్తే చాలు, మిగతాది అదే లాక్కుంటోంది."

"మూసుకోవడంలో దానికి సాటి లేదు బాబూ. తెరుచుకోవడమే దాని ఇష్టం."

"ఏమోయ్!"

"పొగిడానండీ."

"ఇంజను వెచ్చగా ఉందేంటి సార్?"

"బ్యాటరీ కోసం. పొద్దున్నే కాసేపు తిప్పుతూ ఉంటాను, అలవాటు."

"జాగ్రత్తపరులు సార్ మీరు! నాకు కావలసింది ఇలాంటి వాళ్లు వాడిన బండే. క్లినిక్ కొత్తగా పెట్టాను. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటుకి కిటికీలోంచి ఇలాంటి కారు కనబడిందనుకోండి, ఓ నమ్మకం కుదురుతుంది."

"నాకైతే బిల్లు గుర్తొస్తుంది."

"మా ఆవిడకి హాస్యం ఎక్కువ. చూడండి డాక్టరు గారూ, ఒక్క దీపమన్నా వెలుగుతోందా? అంతా నీట్‌గా ఉంది."

"చాలా నీట్‌గా ఉంది సార్. నాకు నచ్చేసింది. రెండో తాళంచెవి కూడా ఉంది కదా?"

"ఉంది, ఉంది. అయ్యో, పైన మర్చిపోయొచ్చాను. ఇప్పుడే తెచ్చేస్తా. మీరు మా ఆవిడతో మాట్లాడుతూ ఉండండి."

"నేను తెస్తా లెండి, మీకు మెట్లు..."

"వద్దొద్దు, నువ్వుండు. లిఫ్టులో వెళ్తా."

లిఫ్టు తలుపు మూసుకుంది. కారు పక్కన ఇద్దరే మిగిలారు.

"ఆంటీ, సార్ లేరు కాబట్టి అడుగుతున్నా. ఏమీ అనుకోకండి. నిజంగా ఎలా ఉంది బండి?"

"ఆంటీ అనేశావు. ఇంక అబద్ధం ఎలా చెప్పను?"

"చెప్పండి."

"నువ్వు రాకముందు ఇది నేల మీద కూర్చునుంది. లేపి నిలబెట్టాం. రేపు పొద్దున నువ్వు లేపుకోవాలి. దీపాలు లేవన్నారు చూడు, ఉన్నాయి, నిన్న ఆర్పించారు. వాన పడితే లోపల గొడుగు కావాలి. గేరు మారనని ఒకసారి మొండికేసిందంటే బతిమాలినా మారదు, ఆ ఒక్క గేరులోనే ఇల్లు చేరాలి. ఏ చిన్న ముక్క విరిగినా అది సముద్రాలు దాటి రావాలి. ఈలోపు మనం ఆటోలో తిరగాలి. మెకానిక్ మా ఇంటి మనిషైపోయాడు. మా అమ్మాయి పుట్టినరోజుకి మా మరిది మర్చిపోతాడు గాని, అతను ఫోన్ చేస్తాడు."

"అంతేనా ఆంటీ?"

"అంతేనా అంటావేంటి బాబూ! ఇది విని ముగ్గురు పారిపోయారు."

"వాళ్లు డాక్టర్లు కారు కదా. పుచ్చిన పన్ను చూసి భయపడితే మాకు ఎలా గడుస్తుంది? శుభ్రం చేసి, రూట్ కెనాల్ చేసి, పైన క్యాప్ వేస్తే హాయిగా నడుస్తుంది."

"నాయనా, ఇది పన్ను కాదు. దవడ."

"భలే చెప్పారాంటీ! అయినా సరే, నేను తీసుకుంటున్నా. చిన్నప్పట్నించీ ఇలాంటి కారు మీద మోజు. సార్ రాగానే అడ్వాన్సు ఇచ్చేస్తాను."

"ఇచ్చేస్తావా?"

"ఇచ్చేస్తా. అదేంటాంటీ, మీరు సంతోషించాలి కదా? అలా డీలా పడిపోయారేంటి? ఏమైంది, కూర్చుంటారా?"

"కూర్చుంటా. తలుపు తెరువు. అటు కాదు, ఆ పక్క సీటు. నా సీటు."

"నీళ్లు తేనా?"

"వద్దు గాని, నీకు పెళ్లయిందా బాబూ?"

"అయిందాంటీ. ఈ మధ్యే."

"మీ ఆవిడతో మాట్లాడతావా?"

"అదేం ప్రశ్న? ఆపితే ఆగనని తనే విసుక్కుంటుంది."

"అయితే నీకు ఈ కారు అక్కర్లేదు."

"అర్థం కాలేదాంటీ."

"మా ఆయన మంచివాడు. తాగరు, తిట్టరు. మాట్లాడరు. పెళ్లయిన కొత్తలో సిగ్గనుకున్నా. తర్వాత అలసటనుకున్నా. ఆ తర్వాత అనుకోవడం మానేశా. అప్పుడు ఈ మహాతల్లి వచ్చింది. మొదటిసారి రోడ్డు మధ్య ఆగింది చూడు, టో ట్రక్కు రావడానికి చాలాసేపు పట్టింది. టీవీ లేదు. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. ఎదురుగా అద్దం, పక్కన నేను. మెల్లిగా మొదలెట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కదా, ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చుంటాం. ఎన్నేళ్ల మాటలో బయటికొచ్చాయి. అప్పట్నించీ ఇది ఎప్పుడాగినా అంతే."

"అంటే ఇది ఆగిపోవాలని..."

"తిడతాను. ఎండలో ఉడికిపోతాను. నడుము పట్టేస్తుంది. ఇంకెప్పుడూ దీనిలో ఎక్కనంటాను. మళ్లీ ఎక్కుతాను. వచ్చే వారం వచ్చేది అస్సలు ఆగదట. ఎక్కాల్సిన చోట ఎక్కి, దిగాల్సిన చోట దిగిపోవడమే."

"ఈ మాట సార్‌కే చెప్పొచ్చు కదాంటీ?"

"ఎక్కడ చెప్పను? ఇంట్లో చెప్తే 'ఊ' అంటారు. నీ మోజు పాడుచేశానా బాబూ?"

"లేదాంటీ. నేను... నేను వెళ్లొస్తాను. సార్‌కి ఏం చెప్పమంటారు?"

"ఏం చెప్పకు. ముందువాళ్లూ ఏం చెప్పలేదు. తలుపు కాస్త ఆనించి వెళ్లు, అదే మూసుకుంటుంది."

చాలాసేపటికి గాని లిఫ్టు దిగలేదు.

"ఏడీ డాక్టరు?"

"వెళ్లిపోయాడు."

"వెళ్లిపోయాడా?"

"ఎవరికో పన్ను నొప్పట."

"ఆదివారమా?"

"పంటికి సెలవులుంటాయా?"

"హూఁ. అయితే నాలుగో బేరమూ పోయింది."

"పోయింది."

"కొత్త కారు వాళ్లకి ఏం చెప్పను?"

"పార్కింగ్ లేదని చెప్పండి. నిజమే కదా."

"నిజమే. చెప్తా."

"అదేంటి, కోపం రాలేదా?"

"ఓపిక లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి."

"అలా నిలబడతారేం, ఎక్కి కూర్చోండి. ఇందాక ఏదో చెప్తూ ఆపేశారు. ఆ సాయంత్రం ఆఫీసులో లేనని."

"ఆ. లేను. పార్కు గేటు దగ్గర ఆపుకుని కూర్చున్నాను, ఇందులోనే."

"ఒక్కరూనా?"

"ఒక్కణ్ణే. ఆ కుర్రాఫీసరు అందరి ముందూ నన్ను కసిరాడు. తిన్నగా ఇంటికి రాబుద్ధి కాలేదు. గట్టిగా పైకి అనేసుకుంటే పోతుందేమోనని నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. పక్క సీటు ఖాళీ కదా."

"అతను ఏమని కసిరాడు?"

"చెప్తా. ముందు ఇంజను ఆపేయనా? ఊరికే తిరుగుతోంది."

"తిరగనివ్వండి. ఇంతకీ రెండో తాళం దొరికిందా?"

"ఆఁ, ఇదిగో."

"చాలాసేపు పట్టిందే?"

"అవును మరి. బీరువాలో, బట్టల అడుగునెక్కడో ఉంది. వెతికి వెతికి తీశాను."

"బీరువాలోనా?"

"బీరువాలోనే."

"ఏవండీ, బీరువా తాళాలు నా పర్సులో ఉన్నాయి."