రావణుడి తల

కంబోడియాలో మెకాంగ్ ఒడ్డున ఒక ఊరు. నల్లబట్టల ఖ్మేర్ రూజ్ సైన్యం పోయి నాలుగేళ్లయింది. ఊరి ముసుగు నాటకంలో హనుమంతుడి వేషం కట్టే సారెత్, రావణుడి వేషం కట్టే ఛెమ్ ఇంటికి వచ్చాడు. ఛెమ్ భార్య యిమ్ మెట్ల దగ్గర కూర్చుని చేపలు కోస్తోంది.

“ఇవ్వనన్నానా? ఆయన రాగానే ఇస్తానన్నాను.”

“కొత్త సంవత్సరం పదిహేను రోజుల్లో ఉంది వదినా.”

“ఉండనీ.”

“ఊళ్లో ఆట ఆడి ఎనిమిదేళ్లయింది. వానల్లేవు, ఇంటింటా జ్వరాలు. ఆట ఆపినందుకే అంటున్నారు జనం.”

“ఆపింది నేనా?”

“నువ్వని ఎవరన్నారు! ముసుగులన్నీ ఆ నల్లబట్టలవాళ్లు పొయ్యిలో పెట్టారు. రాముడికీ కోతులకీ కొత్తవి చేసుకున్నాం. పాతవాటిలో మిగిలింది రావణుడి తల ఒక్కటే. అది నీ దగ్గర...”

“నాది కాదు. ఆయనది.”

“కుండలో పెట్టి ఈ మెట్ల కిందే పాతావుగా?”

“పాతాను. వాళ్లకి తెలిస్తే నన్నూ పక్కనే పాతేవాళ్లు. అంత ప్రాణం పెట్టి దాచింది ఎవరికో ఇవ్వడానికా?”

“ఎవరికో ఏంటి? మన సరూన్‌కేగా. వాడు ఛెమ్ అన్నకి తమ్ముడి కొడుకేగా.”

“వాడా! రావణుడు నడిస్తే నేల అదరాలి. వాడు నడిస్తే బాతులు కూడా పక్కకి జరగవు.”

“నేర్పుతాను. అన్న అడుగులన్నీ నాకు తెలుసు.”

“తెలుసా?”

“ఇరవై ఏళ్లు ఆయన ఎదురుగా ఆడాను.”

“మిమ్మల్నిద్దర్నీ వాళ్లు ఒకే లారీలో ఎక్కించి వెట్టికి తీసుకుపోయారు.”

“ఎక్కించారు. తర్వాత విడదీశారు. చెప్పాను కదా.”

“చెప్పావు. ఓసారి రేవులో విడదీశారన్నావు. ఓసారి బట్టంబాంగ్ పట్నంలో అన్నావు.”

“మరిచిపోయాను వదినా. ఆకలికి ఏదీ గుర్తుండేది కాదు.”

“ఊఁ. సరిహద్దు దాటి థాయ్‌లాండ్ వెళ్లిపోయి ఉంటాడనీ నువ్వే అన్నావు.”

“అన్నాను.”

“అక్కడి శిబిరంలో ఎవరో చూశారనీ.”

“అన్నాను.”

“మరింకేం? వస్తాడుగా. ఆయన చేత్తోనే ఇప్పిస్తాను. నీకేం తొందర?”

“వదినా...”

“చెప్పు.”

“ఆ కత్తి కింద పెట్టు.”

“ఇంకా సగం చేపలున్నాయి. చెప్పు.”

“రాడు.”

“ఏంటి?”

“అన్న రాడు. కాలవ తవ్వకంలో... రెండో వానాకాలం. జ్వరం. లేవలేకపోయాడు. తన గంజి నా చిప్పలో పోశాడు. వద్దనాలి కదా? అనలేదు. తాగాను వదినా. మర్నాటికి పోయాడు. నేనే పాతాను, చేతుల్తో తవ్వి. గుర్తు కూడా పెట్టనివ్వలేదు వాళ్లు.”

“ఊఁ.”

“నేను తిరిగొచ్చిన రోజు నువ్వు రేవులో నిలబడి ఉన్నావు. నిన్ను చూసి నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపు, రేపంటూ... తిట్టు వదినా. ఏదో ఒకటి అను.”

“పార ఆ గుంజ వెనక ఉంది. నువ్వే తవ్వు. మెల్లిగా, కుండ పగలగొట్టకు.”

“వదినా, ఏడవవేం?”

“ఏడుస్తాను. ఇప్పుడు చెప్పావుగా, ఇక ఏడుస్తాను. ఎవరో ఒకరు నోటితో అనాలి కదా. నాకు నేనే ఎలా చెప్పుకోను?”

“నీకు నువ్వే... అంటే?”

“ఆ రోజు నువ్వు పడవ దిగినప్పుడు నీ మెడలో ఉన్న గళ్ల తువ్వాలు ఆయన కోసం నేను నేసిందే, సారెత్.”