తలుపు ముందు మూడు రోజులు

మావయ్య టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఇక ఆ పూట సంగతి అంతే. పక్క షాపు టైలరు మెడలో టేపు తీయకుండానే వచ్చి ఎదురుగా చతికిలబడాలి, కొట్టు పిన్ని పొయ్యి మీద పాలు పొంగించుకోవాలి. ఆ మధ్యాహ్నం రెండున్నరకి మేనకోడలు ఫైలు పట్టుకుని వచ్చేసరికే ఆయన మొదలెట్టేశాడు.

ఆ అమ్మాయి వారపత్రిక ఆఫీసులో టైపు చేస్తుంది. మావయ్య సీరియల్ ఈ వారంతో ఆఖరు. నాలుగింటికల్లా కాగితాలు అందకపోతే ఆ పేజీలో మిక్సీ ప్రకటన వేసేస్తానని ఎడిటర్ తెగేసి చెప్పాడు. కథ గాల్లో ఆగిపోతుంది. అది ఆగడం ఆమెకి బొత్తిగా ఇష్టం లేదు, ఎందుకంటే అక్కతో మాటల్లేని ఓ ముసలాయన కథ అది, అసలు ఎవరిదో ఆమెకి మొదటి వారమే అర్థమైంది. ఆరేళ్ల కిందట ఈయన సొంత అక్క గురకని, అంటే ఈమె అమ్మ గురకని, ఓ కథలో పెట్టేశాడు. ఆ గురకకి రైలొచ్చిందనుకుని జనం పెట్టెలు సర్దుకున్నారని రాశాడు. వీధి వీధంతా నవ్వింది. ఆనాటి నుంచి అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. పోయిన వారం మావయ్య పంపిన కవర్లో ఉన్నవి తెల్ల కాగితాలు. పద్దెనిమిది సార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. పేజీ ప్రెస్సుకి వెళ్లడానికి రెండు గంటలే ఉంటే, తనే కూర్చుని ఆ భాగం రాసేసింది. నాలుగేళ్లుగా ఆయన వాక్యాలు టైపు కొట్టీ కొట్టీ అవి ఎక్కడ మెలిక తిరుగుతాయో ఆమె వేళ్లకి తెలుసు.

"రా తల్లీ, కూర్చో. పిన్నీ, మా మేనకోడలికో టీ."

"మావయ్యా, ఆఖరి భాగం..."

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఎలా రాస్తారండీ అని అడిగాడు ఈ టైలరు. నేనేమంత చేస్తానని! పొద్దున్నే లేస్తా, ఓ పది పేజీలు రాస్తా, ఆ తర్వాతే మొహం కడుక్కుంటా, అంతే. ఒక్కోరోజు చెయ్యి ఆగదనుకో, పది కాస్తా యాభై అవుతుంది, పెన్ను వేడెక్కిపోతుంది, తడిగుడ్డ చుట్టి రాస్తా. ఓసారి ఆ గుడ్డ కూడా ఆరిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెన్నులోంచి పొగ! ఎదురింటివాళ్లు బకెట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు."

"అమ్మో!" అన్నాడు టైలరు.

"ఇలా కాదని రెండు చేతులతో రాయడం మొదలెట్టా. కుడిచేత్తో నా సీరియల్లో గడియారాలు బాగుచేసే ముసలాయన మాటలు, ఎడమచేత్తో వాళ్లక్క మాటలు. కథలో వాళ్లకి పడదు కదా, ఈ రెండు చేతులూ అలిగాయి! నాలుగు రోజులు ఒకదాన్నొకటి ముట్టుకోలేదంటే నమ్ము. చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే పక్కింటాయన్ని పిలవాల్సొచ్చేది."

"అందుకేనా మొన్న నా దగ్గరికొచ్చి గుండీలు తీయించి జిప్పు వేయమన్నారు?"

"నువ్వు మధ్యలో కత్తెర పెట్టకయ్యా."

"అది కాదు సార్, పోయిన వారం భాగం చదివి మా అమ్మ ఏడ్చేసిందండీ. పాతికేళ్లుగా మాటల్లేని అక్క ఇంటి ముందు ముసలాయన నిలబడి, తలుపు కొడదామని చెయ్యెత్తి, అలాగే ఉండిపోతాడు చూడండీ..."

మావయ్య చేతిలోని గ్లాసు నోటి దాకా వెళ్లకుండా ఆగింది. మేనకోడలు ఒక్కతే అది చూసింది. ఒక్క క్షణమే. వెంటనే ఆయన తేరుకున్నాడు.

"ఆ తలుపా! ఊరికే వచ్చిందనుకున్నావా ఆ తలుపు? మా వీధి తలుపు ఊడబీకించి గది మధ్యలో నిలబెట్టించా. దాని ముందుకెళ్లి కొడదామని చెయ్యెత్తా. చెయ్యి దిగదే! ఒక రోజు అయింది, రెండు రోజులైంది, ఉలుకూ పలుకూ లేకుండా అలాగే నిలబడ్డా. పోస్ట్‌మాన్ వచ్చి చిలక్కొయ్య అనుకుని నా చేతికి సంచీ తగిలించి మంచినీళ్లు తాగి వెళ్లాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిచ్చుక వచ్చి నా పిడికిట్లో గూడు పెట్టింది!"

"ఎత్తిన చేతిలోనే?" అంది పిన్ని.

"ఎత్తిన చేతిలోనే! గుడ్లు పెట్టింది, పొదిగింది, రెండు పిల్లలు. పెద్దది మూడో రోజు పొద్దున్నే ఎగిరిపోయింది. చిన్నదానికి భయం, దానికోసం ఇంకో పూట ఆగా. ఇదంతా చూసి చూసి చివరికి తలుపుకే జాలేసింది. చెక్క తలుపు! గాలి లేదు, మనిషి లేడు, కిర్రుమని దానంతటదే తెరుచుకుంది. చూద్దును కదా, మడతబందుల్లోంచి బొటబొటా నీళ్లు!"

"చెమ్మ పట్టుంటుందిలే," అంది పిన్ని.

మేనకోడలికి నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. తను చచ్చీ చెడీ రాసిన తలుపు మీద ఈయన పిచ్చుకల్ని పెంచుతున్నాడు. గోడ మీద గడియారం మూడుకి పావు తక్కువ చూపిస్తోంది.

"మావయ్యా, చిన్న అనుమానం. తలుపు ముందు నిలబడ్డప్పుడు ముసలాయన చంకలో ఏముంది?"

"చంకలోనా? ఇంకేముంటుంది, గొడుగు. నల్ల గొడుగు. ఆ గొడుగు కోసం నేను ఏడు వానల్లో..."

"గొడుగెక్కడిదండీ!" అన్నాడు టైలరు పాపం అమాయకంగా. "గోడగడియారం కదా! ఆ రోజు కోపంలో తను విసిరికొట్టిందే బాగుచేసి తెచ్చాడు. అక్కడే కదండీ మా అమ్మ ఏడ్చింది."

మేనకోడలు ఫైలు తెరిచి పదమూడు తెల్ల కాగితాలు బల్ల మీద పెట్టింది. ఒక్కోదాని మూల మావయ్య చేతిరాతతో ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలు. ముందు పేజీలకి నంబర్లు వేసుకుని, తర్వాత రాయడానికి కూర్చోవడం ఆయన అలవాటు.

"నంబర్లు మాత్రం చక్కగా వేశావు మావయ్యా."

ఆయన కాగితాల వంక చూశాడు, మేనకోడలి వంక చూశాడు. "నువ్వా?"

"నేనే. ఎడిటర్‌కి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"పొయ్యి చప్పుడుకి నాకేం వినపడలేదమ్మా," అంది పిన్ని. టైలరు గబగబా తలూపాడు.

"నిజంగా ఏడ్చిందా మీ అమ్మ?" అని టైలర్ని అడిగాడు మావయ్య. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. "రెండు వారాలైంది తల్లీ, ఒక్క వాక్యం రావడం లేదు. నువ్వు ఫోన్ చేస్తే పొరపాటున వేరే కాగితాలు పెట్టానని చెప్పి గడువు అడుగుదామనుకున్నా. తీరా ఫోన్ మోగితే ఎత్తడానికి భయమేసింది. పత్రిక తెరవడానికీ భయమేసింది. ఇప్పుడు నువ్వేమో ముసలాయన్ని తలుపు దాకా తీసుకెళ్లావు. అక్క తలుపు తీస్తుందో లేదో నాకు తెలీదు."

ఆ బల్ల మీద కూర్చుని ఆయన తెలీదనడం అదే మొదటిసారి.

"నాకూ తెలీదు, అందుకే ఆఖరి భాగం నేను రాయలేను," అంది మేనకోడలు. "ఒక్కటి చెప్తా. అమ్మ నీ సీరియల్ ప్రతి వారం చదువుతుంది. పోయిన వారం భాగం చదివిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం పూట వీధి తలుపుకి గడియ పెట్టడం మానేసింది. ఎందుకమ్మా అంటే ఉక్కగా ఉందంటోంది."

మావయ్య లేచాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గురక సంగతి ఎత్తుతుందంటావా?"

"ముందు అదే ఎత్తుతుంది."

"ఎత్తనీలే," అని సగం టీ అక్కడే వదిలేసి, రెండు వీధుల అవతల ఉన్న అక్క ఇంటి వైపు నడిచాడు.

టైలరు ఆగలేకపోయాడు. "సార్! ఇంతకీ ఆ తర్వాత ఏమైంది? మా అమ్మకి ఏం చెప్పను?"

"ఉండవయ్యా," అన్నాడు మావయ్య వెనక్కి తిరక్కుండానే. "కనుక్కుని వచ్చి చెప్తా."