తెలిసీ చెయ్యి పెట్టినాడంట

ప్రొద్దుటూరు, 1958. పత్తి జిన్నింగు మిల్లులో మిషను బెల్టులో పడి కుడిచెయ్యి పోగొట్టుకున్న లాల్ బాషా ఆసుపత్రిలో ఉన్నాడు. మిల్లు మేస్త్రి ఆదినారాయణ వచ్చి, వరండాలో అతని భార్య మైమూన్ దగ్గర నిలబడ్డాడు.

“ఏమన్నా తిన్యాడా మ్మా?”

“రెండు గుక్కలు గంజి తాగినాడు. లోపలికి రా అన్నా.”

“వద్దులే, నిద్రపోనీ.”

“నిద్ర యాడిది? నీ గొంతు ఇన్యాడు. రమ్మంటాండాడు.”

“వస్తాలే... వస్తా. పిల్లోల్లు యాడుండారు?”

“మా యమ్మ జమ్మలమడుగుకు పిల్చకపోయింది. అన్నా, మిల్లు అయ్య ఏమన్న్యాడు?”

“శానా బాధపడతాండాడు.”

“బాధ సరే. ఏమన్న్యాడు?”

“అది గాదు మైమూన్... ఆ పొద్దు గంట కొట్టినాక అందర్నీ వరసగా అడిగినా గదా. రోజూ అడుగుతా గదా, నిన్న నీ పని కాడ ఏం అపాయం కనపడిందని.”

“తెలుసు. ఇంటికొచ్చి మురిసిపోతాండె. మూటలు మోసేటోన్ని గూడా అడుగుతారు, ఊడ్చే ఆడమనిషిని గూడా అడుగుతారు అని.”

“మొదట్లో మంచే జరిగింది. పత్తి కుప్పల కాడ బీడీలు మానిపిచ్చినాం. విరిగిన నిచ్చెన మార్పిచ్చినాం.”

“మరి బెల్టు మీద మూత?”

“మూత...”

“మూత ఊడిపోయిందని మా ఆయన చెప్పల్యా?”

“చెప్పినాడు. అందరూ ఇన్యారు. నేనే పోయి అయ్యకు చెప్పినా. మూత బిగీయాలంటే మిషను నిలపాల. పత్తి బండ్లేమో రాజుపాలెం దావ పొడుగునా నిలబడిండె. ఈ సీజను దాటనీ అన్న్యాడు.”

“అయితే తప్పు అయ్యదే గదా!”

“మెల్లిగా మ్మా, మెల్లిగా.”

“ఎందుకు మెల్లిగా?”

“అయ్య ప్లీడరు ఏమంటాండాడంటే... అపాయం ఉందని లాల్ బాషాకు తెలుసు. తన నోటితోనే చెప్పినాడు. తెలిసీ చెయ్యి పెట్టినాడు, మిల్లు పైసా గూడా ఇయ్యాల్సిన పని లేదంట.”

“ఏందీ? చెప్పడమే తప్పా?”

“నేను అట్ల అన్లా.”

“చెప్పకుంటే?”

“చెప్పకుంటే... మిల్లోల్లే చూసుకోవాల్సిండె అనేటోళ్లు.”

“అయితే చెప్పలేదను. అడిగినోడివి నువ్వే గదా. చెప్పలేదని ఒక్క మాట అను అన్నా.”

“అంతమంది ఇన్యారు మైమూన్.”

“వాళ్లనూ అడుగుతా. కాళ్లు పట్టుకుంటా.”

“వాళ్లు ఇన్యామనే అంటారు. రేపు వాళ్లకు పని ఉండాల గదా. నాకూ...”

“నీకూ.”

“నాకూ ఆడబిడ్డలుండారు మ్మా. రోజూ అడుగుదామని అయ్యను బతిమలాడింది నేనే. ఒక్కరికీ దెబ్బ తగలగూడదనే పెట్టించినా. ఇట్ల తిరగబడతాదని నాకేం...”

“ఏడవద్దన్నా. ఆయనకు ఇనపడతాది.”

“అయ్య ఇంగొకటి అన్న్యాడు. లాల్ బాషా జాగాలోకి ఇంటోళ్లు ఎవురన్నా వస్తే పని ఇస్తాడంట. ఆ మిషను కాడికే. మూత ఇంగా ఎయ్యల్యా. నేను కుదరదన్న్యా.”

“ఎప్పట్నుంచి?”

“మైమూన్, నేను నిన్ను పిలవడానికి రాలా. ఊరికే చెప్పి పోదామని...”

“రేపట్నుంచే వస్తా.”

“వద్దు మ్మా! ఆ బెల్టు సంగతి నీకు తెలుసు.”

“నాకేం తెల్దు అన్నా. రేపు పొద్దున నువ్వు అడుగుతావు గదా, అందరికీ ఇనపడేటట్టు గట్టిగా చెప్తా... నాకేం కనపడల్యా అని.”