ఎడమ చెవి

మధ్యాహ్నం మూడు గంటలు. పడకగదిలో మంచం మీద మూత తెరిచిన పెట్టె. భార్య చొక్కాలు మడత పెడుతోంది. భర్త ఆవిరి గిన్నె ముందు, తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు.

"...అందుకని ఎక్కొద్దన్నాడు డాక్టరు. అంతే."

"ఆయనే వద్దన్నాడా, మీరడిగితే వద్దన్నాడా?"

"రెండిటికీ తేడా ఏముంది?"

"ఉంది. 'విమానం ఎక్కొచ్చా అండీ' అని అడగడం వేరు. 'ఎక్కకూడదు కదండీ' అని అడగడం వేరు."

"నువ్వు లాయరువి కావలసింది."

"మీ భార్యనయ్యాను. అందులో కూడా పని అదే. ఏమన్నాడో మొదటి నుంచి చెప్పండి."

"ఎన్నిసార్లే? ఇదిగో, ఈ కనుబొమ్మల వెనకాల, ఈ బుగ్గ ఎముకల వెనకాల గదులుంటాయట. గాలి గదులు. సైనస్ అంటే అవే. అవి చీము పట్టి మూసుకుపోయాయి. విమానం దిగేటప్పుడు బయటి గాలి ఒత్తుతుంది, లోపలికి పోదామంటే దారుండదు. అప్పుడు తల పగిలినంత పని అవుతుందట. చెవిపొర చిరిగినా చిరగొచ్చట. ముఖ్యంగా ఎడమది."

"ఎడమదే ఎందుకు?"

"ఎడమ చెవే మూసుకుపోయింది కనక."

"ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి."

"మొన్న పొద్దున్నా, సాయంత్రమా?"

"పడిశం ముహూర్తం చూసుకుని పట్టదు."

"మాట తిప్పకుండా ముక్కుసూటిగా చెప్పండి."

"ముక్కు దిబ్బడేసి చస్తుంటే ముక్కుసూటిగా అంటుంది!"

"వంగండి."

"ఏమిటీ?"

"లేచి నిలబడి, వంగి, ఆ మేజోళ్ళు తీయండి. నిజంగా సైనస్ అయితే వంగినప్పుడు ప్రాణం పోతుందట. పక్కింటి నర్సమ్మ చెప్పింది."

"అంటే ఊరంతా వాకబు చేసి వచ్చావన్నమాట."

"వంగండి."

"ఇదిగో... అబ్బా! అమ్మా... చూశావా? చూడు, కళ్ళమ్మట నీళ్ళు."

"ఆవిరి పట్టినా కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. ఏదీ, బుగ్గ ఇలా..."

"ముట్టుకోకు! ముట్టుకోకన్నానా!"

"సరే. నొప్పి నిజమే."

"హమ్మయ్య."

"నొప్పి నిజమే అన్నాను. మొన్నటి నుంచి అన్నది నిజమని అనలేదు. ఫోను మోగుతోంది."

"ఎక్కడ?"

"మీ ఎడమ పక్కనే. బల్ల మీద."

"ఓ... నాకు వినపడలేదు."

"నటనైతే మాత్రం బాగా కుదిరింది. తప్పుకోండి. ...ఆఁ, చెప్పరా తమ్ముడూ. గదిలోనే ఉన్నావా? తిన్నావా? ఎడం చేత్తోనేనా? అలవాటవుతుందిలే. బావా? ఇక్కడే ఉన్నారు. లేదు, ఇంకా బయల్దేరలేదు. ఊఁ... ఊఁ. సరే, అలాగే కానీ."

"పెట్టేశాడా?"

"ఇదిగో, పెట్టేశాను. బల్ల మీద."

"ఏమంటాడు?"

"పది రోజుల నుంచి మీరు వాడి ఫోను ఎత్తట్లేదట."

"పనిలో ఉంటాను."

"ఆదివారం కూడానా?"

"చెవి పనిచేయట్లేదు మొర్రో అంటుంటే, ఫోనులో ఏం మాట్లాడను?"

"చెవి మొన్నటి నుంచి కదా? ఫోను పది రోజుల నుంచి. తువ్వాలు కప్పుకోకండి. నాకు మీ మొహం కనపడాలి."

"నన్ను అనుమానిస్తున్నావా?"

"మీరే చెప్పండి, ఏమనుకోమంటారు? రేపు పదింటికి ఫ్యాక్టరీ పెద్దాఫీసులో విచారణ. వాడు ముందే వెళ్ళి అక్కడ కూర్చున్నాడు. మిషను దానంతటది విరిగిందా, వీడు అడ్డదిడ్డంగా నడిపి విరగ్గొట్టాడా, అదీ తేల్చేది. దాని బేరింగు మీద రాడ్డు ఆనించి, చెవి పెట్టి చప్పుడు విన్న మనిషి లోకం మొత్తం మీద ఒక్కరే. మా ఆయన. ఆయనకేమో సరిగ్గా ఇప్పుడే సైనస్ వచ్చింది."

"నేను వెళ్ళకపోయినా విచారణ ఆగదు."

"అదే నా బాధ. ఆగదు. మీరు లేకపోతే రిజిస్టరు తెరుస్తారు. అందులో మీరు రాసిన ముక్క ఒకటుంది. 'సరి'. దాన్నే మీ సాక్ష్యం అంటారు. మిషను సరిగా ఉందంటే తప్పు నడిపినవాడిదే. కుడి చెయ్యి మూడు వేళ్ళు పోయినవాడు, పైగా తప్పు చేశాడని కాగితం చేతికిచ్చి పంపితే, ఏ గేటు దగ్గర నిలబడతాడు? ఎవరు పనిస్తారు వాడికి?"

"ఉత్తరం రాసి పంపుతాను. విమానమే ఎక్కాలని ఏముంది?"

"పంపండి. ఏమని రాస్తారు?"

"ఏమనా... జరిగింది రాస్తాను."

"ఏం జరిగింది?"

"కొంచెం మెల్లగా. గోడలకి చెవులుంటాయి."

"ఉండనీండి. ఈ ఇంట్లో పనిచేసే చెవులు అవే."

"నీ ఎకసెక్కాలకేం తక్కువ లేదు."

"ఇవి ఏమిటి?"

"ఏవి?"

"మీ పని చొక్కా ఉతుకుదామని తీస్తే జేబులో దొరికాయి. రెండు మాత్రల షీట్లు. రెండూ ఖాళీవే. ఇరవై మాత్రలు. మొన్న పట్టిన పడిశానికి మొన్నటి నుంచి ఇరవై మాత్రలు మింగారా?"

"అవి తలనొప్పివి."

"'ముక్కు దిబ్బడకు' అని దాని మీదే రాసుంది. నాకూ చదువొచ్చండీ."

"పాతవేమో. ఎప్పటివో."

"పాతవా, ఎప్పటివోనా, తలనొప్పివా? ఏదో ఒకటి ఎంచుకోండి. నేను నమ్మడానికి ప్రయత్నిస్తాను. సరే, ఎవరు కలిశారు మిమ్మల్ని?"

"ఎవరు కలవడం ఏమిటి?"

"మేనేజరు కలిశాడా? 'ఏమయ్యా చెవి మేస్త్రీ, నువ్వు రాకపోతే చాలు, మిగతాది మేం చూసుకుంటాం' అన్నాడా?"

"ఛీ! ఎంత మాట! వాడు నీకు తమ్ముడైతే నాకు బావమరిది కాదా? ఆ ఉద్యోగంలో పెట్టించింది నేను కాదా?"

"భుజాలు తడుముకోకండి. నేనింకా గుమ్మడికాయల దొంగ అనలేదు."

"సరే. వెళ్తాను."

"ఏమిటీ?"

"వెళ్తానన్నాను. పెట్టె మూసెయ్. చెవి పోతే పోయింది. అయిదున్నరకి కదా విమానం? ఆటో పిలు. మళ్ళీ ఏమైంది? అలా చూస్తావేం?"

"ఇంత తొందరగా ఒప్పుకున్నారేమిటి?"

"బాగుందే! వెళ్ళనంటే అనుమానం, వెళ్తానంటే అనుమానం."

"పదకొండేళ్ళ కాపురంలో మీరు రెండో మాటకి ఒప్పుకున్నది ఒక్కటి చెప్పండి. గోడకి మేకు కొట్టమంటే మూడు నెలలు ఆలోచించారు. చెవిపొర చిరుగుతుందని ఇప్పుడేగా చెప్పారు? ఇంతలోనే పోతే పోయిందా?"

"నీ పోరు పడలేక."

"నా పోరు కొత్తదా? ఆ చీటీ ఇలా ఇవ్వండి."

"ఏ చీటీ?"

"డాక్టరు చీటీ. విమానం వద్దని రాసింది. పొద్దున్నుంచి మడిచి పట్టుకుని కింది సగమే చూపిస్తున్నారు."

"పై సగంలో ఆసుపత్రి పేరుంటుంది. ఏం చూస్తావు?"

"ఆసుపత్రి పేరే చూస్తాను. విప్పండి."

"ఆవిరికి తడిసింది. విప్పితే చిరుగుతుంది."

"చిరిగితే అతికిస్తాను. ఇటివ్వండి."

"వద్దు. చెప్తే విను. వద్దే..."

"...పైన ఇంకో తేదీ ఉంది. ఇది నిన్నటి చీటీ కాదు. పాత చీటీ మీదే నిన్న మళ్ళీ రాశాడాయన. పైనేమో పదకొండో తారీకు. 'ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయినది. వినికిడి బాగా తగ్గినది. వారం రోజులు విశ్రాంతి.' ఇదేనా ఆయన రాసింది?"

"అదే."

"తమ్ముడి చెయ్యి పోయింది ఏ రోజు?"

"నీకు తెలియదా?"

"మీ నోటితో చెప్పండి."

"పన్నెండు. మధ్యాహ్నం."

"రిజిస్టరులో 'సరి' అని రాసింది?"

"పన్నెండు పొద్దున."

"గట్టిగా చెప్పండి."

"చెవి మూసుకుపోయింది నాదా నీదా?"

"గట్టిగా."

"పన్నెండు పొద్దున! చాలా?"

"ఇంకా చాలదు. వారం రోజులు పనికి పోవద్దని డాక్టరు రాస్తే, మర్నాడే రాడ్డు పట్టుకుని ఎందుకు పోయారు?"

"వెళ్ళక ఏం చేయను? చెవి మేస్త్రికి చెవి పోయిందని చెప్పనా? ఫ్యాక్టరీలో నా అసలు పేరు ఎవరికైనా తెలుసా? కొత్త కుర్రాళ్ళు మిషన్లకి వైర్లు తగిలించి తెర మీద గీతలు చూస్తున్నారు. అయినా పెద్దాయన, 'గీతలు తర్వాత, ముందు మేస్త్రిని చెవి పెట్టమను' అంటాడు. ఆ ఒక్క మాట మీదే బతుకుతున్నాను నేను. రెండు రోజుల్లో తగ్గిపోతుందనుకున్నాను. పడిశమే కదా."

"ఆ పొద్దున ఏం జరిగింది?"

"ఎప్పుడూ జరిగేదే. రాడ్డు ఒక కొన బేరింగు మీద పెట్టాను. రెండో కొనకి చెవి ఆనించాను. ఎడమ చెవి. ఇరవై ఏళ్ళుగా ఎడమదే. కుడిదానికి ఆ విద్య రాదు."

"ఏం వినిపించింది?"

"హుస్... హుస్... అని. మెత్తగా, ఒకే వరసలో. ఎంత బాగుందో! ఆ ముసలి మిషను అంత శుభ్రంగా ఎన్నడూ పలకలేదు. సంతోషపడ్డాను కూడా. మీ తమ్ముడు పక్కనే ఉన్నాడు. 'బావా, ఏదో గొణుగుతోంది, ఇంకోసారి విను' అన్నాడు."

"వాడు అన్నాడా?"

"అన్నాడు."

"మీరేమన్నారు?"

"'చెవి మేస్త్రివి నువ్వా, నేనా' అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వి, పని మొదలెట్టే మీట వేశాడు. మధ్యాహ్నానికి బేరింగు విరిగింది."

"మరి ఆ హుస్ హుస్ ఏమిటి?"

"ఆ రాత్రి వాణ్ణి ఆసుపత్రిలో చేర్చి ఇంటికొచ్చి పడుకున్నాను చూడు, అప్పుడు తెలిసింది. మిషను లేదు, రాడ్డు లేదు. ఎడమ చెవి దిండుకి ఆనించాను. అదే చప్పుడు. మెత్తగా, ఒకే వరసలో. నా ఊపిరే. నా ఊపిరి నేను విని 'సరి' అని రాశానే."

"నెల కావస్తోంది. నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నీ తమ్ముడి చెయ్యి తీసింది నా పడిశమని చెప్పనా?"

"మరి ఇందాక విమానం ఎక్కుతానని లేచారే? అక్కడికెళ్ళి ఇదంతా చెప్పడానికేనా?"

"ఆఁ."

"నా కళ్ళలోకి చూసి అనండి. కిందికి చూస్తారేం? విమానంలో చెవి పగిలితే, ఆ చెవి ఇవాళే పోయిందంటారు. పన్నెండో తారీకున భేషుగ్గా ఉండేదంటారు. ఇరవై మాత్రల సంగతి, ఈ పై సగం సంగతి ఇక ఎవరూ అడగరు. అవునా?"

"...అనుకున్నాను. అబద్ధమెందుకు? ఒక్క నిమిషం అనుకున్నాను. ఎక్కకపోతే రిజిస్టరులో 'సరి' నా తరఫున సాక్ష్యం చెబుతుంది. ఎక్కితే పగిలిన చెవి చెబుతుంది. ఎటు చూసినా నాకే మేలు. అందుకే నాకు నా నొప్పి మీద కూడా నమ్మకం పోయింది. ఇది నిజంగా నొప్పా, నేను పెంచుకున్నదా అని. రాత్రిళ్ళు నా బుగ్గ నేనే నొక్కి చూసుకుంటున్నాను."

"చెవి ఎవరి తరఫున అయితేనేం. మీ నోరు ఎవరి తరఫున?"

"నువ్వే చెప్పు. ఎక్కమంటే ఎక్కుతాను. ఒట్టు. రేపు పదింటికి, చెవిలోంచి రక్తం కారుతున్నా సరే, నిలబడి చెబుతాను. 'ఆ రోజు నాకేమీ వినపడలేదు, వాడు చెప్పినా వినిపించుకోలేదు' అని. వద్దంటే మానేస్తాను. నువ్వు చెప్పు."

"చెప్పవలసింది నేను కాదు."

"మరెవరు?"

"తమ్ముడూ, విన్నావురా?"

"ఆఁ? ఏమన్నావు? అటు పక్క నుంచి మాట్లాడితే నాకు వినపడదని చెప్పాను కదా."

"మీతో కాదు."

"విన్నానక్కా. అంతా విన్నాను. బావని విమానం ఎక్కనీయకు. ఆ చీటీ ఫొటో తీసి పంపు. మిగతాది రేపు బావ ఫోనులో చెబితే చాలు. మన ఇంట్లో ఒకరికి పోయింది, చాల్లే."

"ఎవరితోనే మాట్లాడుతున్నావు? ఫోను... ఫోను పెట్టేయలేదా నువ్వు? వాడు అందులోనే ఉన్నాడా ఇంతసేపూ? ఏమన్నాడు? కన్నీళ్ళు తర్వాత తుడుచుకుందువుగాని, ముందు చెప్పు. ఏమన్నాడే వాడు?"

"'సరి' అన్నాడు."