ముద్ర లేని త్రాసు

సాయంత్రం క్లినిక్కు. బల్లకి అటు డాక్టరు. ఇటు స్టూలు మీద, చేతిలో టోకెనుతో, ఆమె భర్త.

“అంటే ఇంతసేపూ బయట బెంచీ మీదే ఉన్నారా?”

“రెండుంపావు గంటలు. పక్కన దగ్గుతున్న ఆయన తన జీవితమంతా చెప్పేశాడు. రెండో పెళ్ళి దాకా వచ్చాడు, ఇంతలో నా పదిహేడో నంబరు పిలిచారు. ఖర్మ.”

“ఇంట్లో చెప్పచ్చుగా!”

“ఇంట్లో చెబితే క్లినిక్కుకి రమ్మంటావు. క్లినిక్కుకొస్తే ఇంట్లో చెప్పచ్చుగా అంటావు. మధ్యలో రోడ్డు మీద నిలబడి చెప్పాలా?”

“సరే, విషయం చెప్పండి. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు.”

“బీపీ మాత్రలు. మందుల షాపువాడు ఇవ్వనన్నాడు, చీటీకి గడువైపోయిందట. ఒరేయ్, నేను డాక్టరమ్మ మొగుణ్ణిరా అన్నాను. మొగుడికైనా చీటీ చీటీయే అన్నాడు.”

“మంచి పని చేశాడు.”

“నువ్వే నేర్పి ఉంటావు.”

“నేనే నేర్పాను. చెయ్యి చాపండి.”

“ఎందుకూ? పదకొండేళ్ళుగా అదే మాత్ర, అదే నేను. రాసి పడెయ్.”

“చూడకుండా రాయను.”

“నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నావుగా!”

“అది వేరు, ఇది వేరు. చొక్కా చెయ్యి పైకి మడవండి. ఊఁ. ఇప్పుడు మాట్లాడకండి, మాట్లాడితే ఎక్కువ చూపిస్తుంది.”

“నీ ఎదుట నోరు మూసుక్కూర్చోడం నాకేమన్నా కొత్తా?”

“ష్! నూట ముప్పై, ఎనభై. బాగుంది.”

“చూశావా! దీనికోసం రెండుంపావు గంటలు. బయట అందరిదీ ఇదే గోల. ఒకావిడ రెండు బస్సులు మారి వచ్చిందట. నిమిషం చూస్తారు, పాతవే రాస్తారు, దానికింత దూరమా అంటోంది.”

“ఆ నిమిషంలోనే దొరుకుతుంది. పోయిన వారం ఒకాయన ఎప్పటివే రాసెయ్యండి, బస్సుంది అన్నాడు. ప్యాంటు పైకి లాగి చూద్దును కదా, కాళ్ళు రెండూ వాచిపోయి ఉన్నాయి. బస్సుకి పంపితే ఏమయ్యేవాడు?”

“పెన్ను కిందపడింది. ఇదిగో.”

“జారింది. ఇలా ఇవ్వండి.”

“పొద్దున గ్లాసు కూడా జారింది.”

“తడి చెయ్యి. మూడు నెలలకి రాస్తున్నాను.”

“మూడే? ఏడాదికి రాయి. నేను తూనికల ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు ఎంత వంకర త్రాసుకైనా ఏడాదికోసారే ముద్ర. నేను అంతకంటే వంకరా?”

“ఆ మాట నన్నడక్కండి.”

“అసలెవరు ఎన్నాళ్ళకి రావాలో చెప్పు. టోకెను తీసుకున్నవాణ్ణి, అడిగే హక్కుంది.”

“బీపీ నిలకడగా ఉంటే నేను ఆరు నెలలకోసారి రమ్మంటాను. షుగరు కూడా ఉంటే మూడు నెలలు. మీకు రెండూ ఉన్నాయి. పైగా పుస్తకాల వెనక బిస్కెట్లు కూడా ఉన్నాయి.”

“అవి చీమలకి.”

“అయితే చీమలకి షుగరు పరీక్ష చేయిద్దాం.”

“సరేలే. మరి డోసు పెంచితే?”

“నాలుగు వారాల్లో మళ్ళీ చూడాలి. మీకు పెంచట్లేదుగా.”

“ఊరికే. రెండుసార్లు పెంచితే?”

“ఎందుకు పెంచాల్సొస్తోందో కనుక్కోవాలి. రక్తం, కిడ్నీ, గుండె, అన్నీ చూడాలి. ఎందుకిదంతా?”

“మూడుసార్లు పెంచి, ఒక్కసారి కూడా ఎవరికీ చూపించుకోకపోతే ఏమంటారు?”

“బుద్ధి లేదంటారు. ఎవరండీ? మీ పేకాట బృందంలోనా?”

“బాగా దగ్గరివాళ్ళే. ఊపిరాడని పనిట. పొద్దున అడిగితే సాయంత్రం, సాయంత్రం అడిగితే రేపు.”

“ఏం రాచకార్యాలు వెలగబెడుతున్నారట? చూడండి, గుండెపోటు గుమ్మంలో నిలబడి, పని అయ్యాక పిలవండి, అప్పటిదాకా కూర్చుంటా అంటుందా? రేపే తీసుకురండి, నాలుగు చీవాట్లు పెట్టి పంపిస్తాను.”

“అబ్బ, ఎంత బాగా చెప్పావు! అదే చీటీ మీద రాసియ్యి.”

“చీవాట్లా?”

“డోసు పెంచితే నాలుగు వారాల్లో డాక్టరుకి చూపించుకుని తీరాలని. నేను చెబితే చెవికెక్కదు. నీ సంతకం ఉంటే వింటారు.”

“మీకు పనీ పాటా లేదు. ఇదిగో, పట్టండి.”

“సంతకం?”

“పెట్టాను.”

“స్టాంపు?”

“బాబోయ్! రిటైరై పదేళ్ళయినా ఈ ముద్రల పిచ్చి వదల్లేదు. వేశాను. సంతోషమా?”

“ఇది ఎవరికైనా వర్తిస్తుందిగా?”

“ఎవరికైనా. దేవుడు దిగొచ్చినా సరే.”

“మాట మార్చవుగా?”

“చీటీ చేతిలో పెట్టుకుని మళ్ళీ మాటేంటి? ఇంతకీ పేషెంటు పేరు చెప్పండి, రాస్తాను.”

“అక్కర్లేదు. పైన అచ్చు వేసే ఉంది.”

“పైనా? పైన ఉన్నది నా పేరు.”

“అవును.”

“ఏమిటీ వేళాకోళం?”

“షాపువాడు నా మాత్రలు ఇవ్వనని చెప్పి, ఒక పొట్లం చేతిలో పెట్టాడు. అమ్మగారివి సార్, కొత్త డోసుతోనైనా తలనొప్పి తగ్గిందా అన్నాడు. నాకక్కడే బీపీ లేచింది. ఆరు నెలల్లో మూడుసార్లు పెంచావట. చీటీ నీది, సంతకం నీది. చూసిందెవరు?”

“నేనే చూసుకున్నాను.”

“ఎందులో? అద్దంలోనా?”

“నేను డాక్టర్ని. నా ఒంటి సంగతి నాకు తెలీదా?”

“ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ప్రతి కొట్టువాడూ అదే అన్నాడు. మా త్రాసు సంగతి మాకు తెలీదా సార్ అని. అందరూ దొంగలేం కాదు. కొందరు పాపం నిజంగానే బాగుందనుకునేవాళ్ళు. ఎవడి త్రాసుని వాడు దాంట్లోనే పెట్టి తూచుకోలేడు కదే!”

“సరే, ఆదివారం చూపించుకుంటాను. ఇక లేవండి, మీ మాత్రలు మీకు రాశాను.”

“నా మాత్రలు ఇంకా నెల రోజులకున్నాయి. నేను దేనికైనా గడువుకి ముందే వెళ్తానని తెలుసుగా.”

“మరి రెండుంపావు గంటలు ఎందుకు కూర్చున్నట్టు?”

“టోకెను ఉన్నవాడి మాట నువ్వు వింటావు. ఇంట్లో ఉన్నవాడి మాట వినవు.”

“మీరు మరీనూ...”

“నిన్న మెట్ల మీద కూలబడిపోయావు. చెప్పు జారిందన్నావు. నీ చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి. నాకు భయమేసిందే. నిజంగా భయమేసింది. నువ్వు లేకపోతే నన్ను తిట్టేవాళ్ళెవరు?”

“అంత లేదు. బయట జనం ఎదురుచూస్తు...”

“చెయ్యి చాపు.”

“మీకు చూడ్డం రాదు.”

“మిషనుకి వచ్చు. కొలత చదవడం నా వృత్తి. ఊఁ, చాపు. చొక్కా... అదే, జాకెట్టు చెయ్యి పైకి. మాట్లాడకు, మాట్లాడితే ఎక్కువ చూపిస్తుందిట.”

“గట్టిగా బిగించారు.”

“మాట్లాడకన్నానా!”

“ఎంత?”

“ఉండు.”

“ఎంతండీ? ఇటు తిప్పండి, నేను చూస్తాను.”

“నువ్వు చూడకు. ఇన్నాళ్ళూ నువ్వే చూసుకున్నావుగా. కాంపౌండరుగారూ! ఒకసారి లోపలికి రండి.”

“పద్దెనిమిదో నంబరు పంపనా సార్?”

“వద్దు. కారు గుమ్మం ముందుకి తెప్పించండి. గుండె డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, ఫోన్ చేసి చెప్పండి. బయట ఉన్నవాళ్ళని రేపు రమ్మనండి.”

“అలాగే సార్. రేపు అమ్మగారు ఉంటారుగా?”

“ఉండాలనే కదయ్యా, ఇప్పుడు తీసుకెళ్తున్నాను.”