తీయని బోర్డు

ఛార్జింగ్ స్టేషన్‌లో 'పనిచేయదు' అన్న బోర్డు చూసి కూడా ఆమె కారు ఆపింది. మెషిన్ పక్కన మెకానిక్ స్టూలేసుకుని కూర్చున్నాడు.

"ఎప్పటికి బాగవుతుందండీ?"

"పొద్దున్నే బాగుచేశానమ్మా."

"మరి ఆ బోర్డు?"

"ఒక్క కారుకైనా ఛార్జింగ్ పెట్టి చూడందే తీయకూడదని మా ఆఫీసు రూలు."

"పెట్టి చూడొచ్చుగా?"

"నేనొచ్చింది స్కూటర్ మీద. ఇప్పటికి ఏడు కార్లొచ్చాయి. చెయ్యూపి పిలుస్తూనే ఉన్నా, బోర్డు చూసి తిప్పుకుపోతున్నారు."

ఆమెకి నవ్వాగలేదు.

"మరి మీరెందుకు ఆగారమ్మా?"

"తిప్పుకుపోవడానికి కారులో ఓపిక లేదండీ. రెండు శాతమే మిగిలింది. అవతల మా పాప పరీక్ష రాసి గేటు దగ్గర ఎదురుచూస్తుంటుంది."

అతను కేబుల్ అందుకున్నాడు.

"ఇది పనిచేయకపోతే?" అందామె.

అతను జేబులోంచి స్కూటర్ తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పెట్రోలుదే లెండి."