బ్యాండు మాట్లాడుకున్నాం

అన్యాయం జరిగింది మీకని చల్లపల్లి అంతా చెప్పుకుంటున్నారు ఉమాదేవి వదినగారూ. మాఘమాసంలో, మీ వంశీకృష్ణ గృహప్రవేశం నాడు, మీ తమ్ముడి పెళ్ళాం వీరదుర్గ మీరు వడ్డించిన బూరెను పెరట్లో ఉమ్మేసిందని. కాదండీ. అన్యాయం జరిగింది నాకు. ఆ రోజే, ఆ పంక్తిలోనే.

లేవకండి. వంటింట్లో మీకిప్పుడేం పనిలేదు, కుక్కరు ఇందాకే దించారు, నేను చూశాను.

ఎల్లుండి మా భార్గవి పెళ్ళికి పసుపు కొట్టాలి. మనింట్లో రోకటి మీద మొదటి చెయ్యి ఆడపడుచుది. మీరేమో రానని కబురంపారు. పిల్ల రాత్రి అన్నం మానేసి కూర్చుంది, అత్త రాకపోతే పీటలెక్కనని. అందుకే వచ్చాను, బందరు నుంచి బస్సులో నిలబడి.

అవునండీ, నిలబడే! నవ్వుకోండి. "మా దుర్గకి కండక్టరు రెండు టిక్కెట్లు కొట్టాలి" అని నలుగురిలో అన్నది మీరేగా? మీ తమ్ముడు నవ్వారు. నేనూ నవ్వాను. కాపరానికొచ్చిన రోజునే మీ అమ్మగారు చెప్పారు, "కాస్త అడ్జస్టు అవ్వమ్మా" అని. ఇరవై రెండేళ్ళుగా అదే పనిమీద ఉన్నాను.

ఆ మధ్య మీకింకో కోపం కూడా వచ్చిందట. సంబంధం ఖాయం కాకుండానే మేం బ్యాండు మాట్లాడుకున్నామని, ఆడపడుచుకి మాటమాత్రం చెప్పలేదని! "బ్యాండు కోసం శుక్రవారం వస్తామండీ" అని మీ తమ్ముడు ఫోన్లో అనడం మీ చెవిన పడిందట కదా.

నిజమే. బ్యాండు మాట్లాడుకున్నాం. పెళ్ళికి కాదు. నా పొట్టకి.

అలా చూస్తారేం? గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని అందరికీ చెప్పి బెజవాడలో ఆపరేషన్ చేయించుకున్నాను చూడండి, అదే ఇది. రాళ్ళూ లేవు, రప్పలూ లేవు. లావు తగ్గడానికి పొట్ట పైభాగంలో ఒక మెత్తటి పట్టీ చుట్టారు. పైన చిన్న తిత్తి మిగులుతుంది, గుప్పెడు మెతుకులకే నిండిపోతుంది. పట్టీలోకి సూదితో నీళ్ళెక్కిస్తే బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. నేను చదివింది తొమ్మిదో తరగతేగానీ, ఈ సంగతంతా గ్రంథాలయంలో ముందే చదువుకుని వెళ్ళాను.

దాని పేరు అడ్జస్టబుల్ బ్యాండట! ఆ మాట వినగానే ఆస్పత్రి మంచం మీద పకపకా నవ్వాను. ఇన్నాళ్ళకి ఆ ఇంట్లో నాకో తోడు దొరికింది కదా అని.

ఇక ఆ రోజంటారా? నేను నా మానాన పిసరు పిసరు నములుకుంటున్నాను. మీరొచ్చారు. "మా ఇంట్లో నీకు ముద్ద దిగదా దుర్గా?" అన్నారు, పంక్తి పంక్తంతా నా విస్తట్లోకి తొంగి చూసేలా. ఒక బూరె. దాని మీద నెయ్యి. ఇంకో బూరె. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వేశారు. ప్రేమే, కాదనను! కానీ రెండు టిక్కెట్లన్న నోరు కూడా మీదేగా? తింటే తిన్నానంటారు, తినకపోతే తినలేదంటారు. నేనెలా చావనండీ?

తిన్నాను. మీతో మాట పడలేక గబగబా మింగాను. సగం బూరె ఆ పట్టీ దగ్గర అడ్డంగా కూర్చుంది. గుండెల మీద రోలు ఎక్కించినట్టయింది. పెరట్లోకి పరిగెత్తాను. మీరు చూసింది అదీ.

అప్పుడే చెప్పొచ్చుగా అంటారా? చెబితే ఏమనేవారో నాకు తెలీదా! తిని తిని చివరికి కోయించుకుందని సాయంత్రానికి అవనిగడ్డ దాకా పాకేది. రాళ్ళయితే జాలిపడతారు. రాళ్ళకున్న మర్యాద లావుకి లేదండీ మనలో.

నమ్మరా? ఏదీ, చెయ్యి ఇలా తెండి. ఇక్కడ, చర్మం కింద. బొత్తాంలా తగిలిందా? సూది గుచ్చేది అక్కడే. మరీ నొక్కకండి.

ఏడవకండి బాబూ, అసలు నవ్వాల్సింది ముందుంది. ఇంత చేసీ పెద్దగా తగ్గిందేం లేదు. అన్నం ఆగుతుంది, కూర ఆగుతుంది, మీ బూరె ఆగింది. బందరు హల్వా మాత్రం ఆగదు! నోట్లోనే కరిగిపోయి, పట్టీకో దణ్ణం పెట్టి చల్లగా దిగిపోతుంది. "పాపం, ముద్ద దిగట్లేదు" అని మీ తమ్ముడు శ్రీహరిగారు రోజూ ఒక పొట్లం తెస్తారు. డాక్టరుగారికి ఈ ముక్క చెప్పలేదు. మీకే చెప్తున్నాను.

నిన్న వెళ్ళి ఆ నీళ్ళు తీయించేసుకున్నాను. "విందులకి వదులు చేయించుకోవడానికా పెట్టించుకుంది?" అని కేకలేశారు డాక్టరుగారు. "అడ్జస్టబుల్ అన్నది మీరేగా" అన్నాను.

కాబట్టి విస్తరి వెయ్యండి వదినగారూ. మీ చేత్తో వడ్డించండి, మీ కళ్ళెదుటే తింటాను. మారు కూడా అడుగుతాను. ఎల్లుండి వచ్చి ఆ రోకలి పట్టుకోండి. పెళ్ళిలో మీ పక్కనే కూర్చుని, ఊరంతా చూసేలా తింటాను.

ఆ తర్వాత మళ్ళీ బిగిస్తారు. అంతవరకూ నా వల్ల ఏ ఇంటి వంటకీ అవమానం జరగదు. జరిగితే ఆ తర్వాతే. ఆ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి, బిగించేది మే పదిహేను, శుక్రవారం.